నాలుగు గుండీలు

"గోడ మీద గడియారం ఏమైంది?"

భర్త మొదటిసారి అడిగినప్పుడు ఆమె వినపడనట్టు ఊరుకుంది. రెండోసారి అడిగితే వంటింట్లోంచే, "తీశాను" అంది.

"తీశావని కనపడుతూనే ఉంది. ఎందుకు తీశావని అడుగుతున్నా."

"దుమ్ము పట్టింది. తుడుద్దామని."

"ఆదివారం తీసిన గడియారాన్ని మంగళవారం దాకా తుడుస్తారా ఎవరైనా? దానివల్ల ఇవాళ నాలుగు నిమిషాలు ఆలస్యమైంది నాకు. అరవై మంది కూర్చుని ఉన్నారక్కడ. మా పై ఆఫీసరుతో సహా."

"చేతిలో ఫోనుంది, ఎదురుగా కంప్యూటరుంది. రెండింట్లోనూ టైముంటుంది కదండీ."

"నాకు గోడ మీద చూడటం అలవాటు."

"అలవాట్లు మార్చుకోమని రోజూ గువ్వకి చెప్తున్నాం. మనం ఒకటి మార్చుకుంటే ఏం పోయింది?"

"ప్రతిదానికీ గువ్వని ముడిపెట్టకు."

హాల్లో సోఫా చివర కూర్చుని బటానీలు ఒలుస్తున్న అత్తగారు తలెత్తింది. "ఒరే, మేకు అక్కడే ఉంది కదరా. దానివైపు చూసి ఎంతయిందో ఊహించుకో. నీ చిన్నప్పుడు లెక్కలన్నీ అలాగేగా చేశావు."

అతను నవ్వాలో కోప్పడాలో తేల్చుకోలేక గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. కాసేపటికి తలుపు వెనక నుంచి వేరే గొంతు మొదలైంది. మెత్తగా, నింపాదిగా. అతను బీమా కంపెనీలో కొత్తవాళ్ళకి ఇంట్లోంచే, కంప్యూటర్లో శిక్షణ ఇస్తాడు. కోపంగా ఉన్న కస్టమరుతో ఎలా మాట్లాడాలి అన్నది ఈ వారం పాఠం. "ముందు వినండి. అడ్డు చెప్పకండి. అవతలి మనిషి అలసిపోయి ఉన్నాడని గుర్తు పెట్టుకోండి."

"వింటున్నావా అమ్మాయ్?" అంది అత్తగారు, ఒక బటానీ గింజ నోట్లో వేసుకుంటూ. "లోపల కూర్చుని ఊరందరికీ ఓర్పు పంచుతున్నాడు. మనకి గిన్నె అడుగు కూడా మిగల్చడు."

గడియారం బీరువాలో దుప్పట్ల మధ్య ఉంది. దుమ్మేమీ పట్టలేదు. అది గోడ మీద ఉంటే వీడియోలో పడుతుంది. మొదటి గుండీ పెట్టేటప్పుడు పది ఇరవై, రెండో గుండీ పెట్టేటప్పుడు పదకొండు ఐదు చూపిస్తుంది. అందుకని తీసేసింది. మొగుడికి చెప్పాల్సినంత పెద్ద సంగతి కాదు. చెప్పగలిగినంత చిన్న సంగతీ కాదు.

గువ్వకి పదకొండేళ్ళు. ఆ పేరు నానమ్మ పెట్టింది, ఎప్పుడూ గొంతులో ఏదో కూనిరాగం తిరుగుతూ ఉంటుందని. మాటలు తక్కువ. "వద్దు" అంటుంది, "పద" అంటుంది, బాగా సంతోషం వేస్తే పైకీ కిందికీ ఎగురుతుంది. గువ్వలాంటి పిల్లల కోసం ఉన్న సెంటర్‌కి రోజూ వెళ్ళేది. జబ్బు భయంతో అన్నిటితోపాటు అదీ మూతపడి అయిదు నెలలైంది. ఇప్పుడు వారం వారం ఫోన్లో ఒక పని వస్తుంది. నీళ్ళు వంచుకోవడం. చెంచాలు వేరు చేయడం. పిల్ల ఆ పని చేస్తుండగా వీడియో తీసి పంపాలి. రెండు నిమిషాలకు మించకూడదు. టీచరు ఒక్కతే ఇరవై మంది పిల్లలవి చూడాలి మరి.

పోయిన వారం ఇంకో కబురు కూడా వచ్చింది. వచ్చే నెల నుంచి సెంటర్ తెరుస్తున్నారు. దూరం దూరంగా కూర్చోబెట్టాలి కాబట్టి ఎనిమిది మందికే చోటు. 'ఎవరికి అన్నది ఈ నెల వీడియోలు చూసి నిర్ణయిస్తాం.'

ఆమె ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా ఎప్పుడూ రెండో ర్యాంకుకి దిగని మనిషి. ఆ వాక్యం ఆమెకు ఒకేలా అర్థమైంది, బాగా చేసిన పిల్లలకే చోటని.

ఈ వారం పని, చొక్కాకి నాలుగు గుండీలు పెట్టుకోవడం.

ఫోను పెట్టే చోటు ముందే కుదిరింది. పిండి డబ్బా, దాని మీద రెండు నిఘంటువులు, వాటికి రబ్బరు బ్యాండు. బాల్కనీ వైపు నుంచి వెలుతురు పది నుంచి పదకొండున్నర దాకా బాగుంటుంది. గువ్వకి తండ్రి పాత నీలిగళ్ళ చొక్కా తొడిగింది. అది వదులు. ఆ వదులే కావాలి. పిల్ల కుర్చీ వెనక అత్తగారు చిన్న పీట మీద కూర్చుని, ఎడమవైపు చొక్కా కిందినుంచి చెయ్యి పోనిచ్చి మనవరాలి మోచెయ్యి పట్టుకుంటుంది. ఫోను కుడివైపు నుంచి చూస్తుంది కాబట్టి ఆ చెయ్యి కనపడదు. గుండీ కాజాలోకి దూరే సమయానికి తల్లి కింది నుంచి వేలితో నెడుతుంది. ఆ వేలు బట్ట వెనకాల ఉంటుంది. అన్నీ కలిసి వస్తే ఎనిమిది సెకన్లు. కలిసి రాకపోతే పొద్దంతా.

ఆదివారం ఒక గుండీ దొరికింది. సోమవారం ఒకటి. చొక్కా ఉతకలేదు, మడతలు మారిపోతాయని. జడ రోజూ ఒకే పాపిడితో వేసింది, ఒకే రిబ్బను.

"మూడోది ఇవాళ అవుతుందంటావా?" అత్తగారు పీట మీద సర్దుకుంటూ అడిగింది. "నా మోకాళ్ళు అప్పుడే లెటరు రాశాయి, రాజీనామా అని."

"ఇంకొక్క రెండు రోజులు అత్తయ్యా."

"నాకేం పర్లేదులే. ఈ వయసులో సినిమాలో వేషం వచ్చింది, మొహం కనపడకపోతేనేం."

మంగళవారం మూడోది అయింది. బుధవారం పొద్దున నాలుగోది. మధ్యలో అతికించడానికి గువ్వ నవ్వుతున్న ముక్క ఒకటి కావాల్సి వచ్చింది. వాషింగ్ మెషీను నీళ్ళు పిండే చప్పుడు వినపడితే గువ్వ మొహం విచ్చుకుంటుంది. ఖాళీ మెషీను తిప్పి ఆ నవ్వు తీసింది. బుధవారం మధ్యాహ్నమంతా బాల్కనీలో బట్టల మధ్య నిలబడి ఫోన్లో ముక్కలు కోసి, కలిపి, శబ్దం తీసేసి చూసింది. ఒక చోట చొక్కా అంచు ముందు కుడివైపుకు, మరుక్షణం ఎడమవైపుకు ఉంది. అరసెకను. ఎవరూ చూడరు. అయినా ఆ అరసెకను కోసేసింది.

ఒక నిమిషం యాభై రెండు సెకన్లు.

పంపిన పావుగంటకి టీచరు దగ్గర నుంచి మూడు చప్పట్ల బొమ్మలు వచ్చాయి, వెనకాలే 'అద్భుతం' అని.

సాయంత్రం భర్త గదిలోంచి బయటికి వచ్చాక చూపించింది. అతను నిలబడి ఒకసారి, కూర్చుని ఇంకోసారి చూశాడు. మూడోసారి చూస్తున్నప్పుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నాలుగూ తనే పెట్టుకుందా?"

ఆమె నిఘంటువుల మీది రబ్బరు బ్యాండు విప్పింది. అత్తగారు ఫ్యాను వైపు చూస్తూ కొంగుతో విసురుకుంది.

"చూశావా, నే చెప్తూనే ఉన్నా. నువ్వు ఊరికే కంగారు పడతావు. మనిషి దగ్గరుండి చూసుకుంటే ఎందుకు రాదు? ఇంతకన్నా సెంటరేం చేస్తుంది?" అంటూ ఆ వీడియోని తన ఆఫీసు గ్రూపుకి, చెల్లెలికి, పెదనాన్న కొడుకుకి పంపేశాడు. పంపి, ఆమె వైపు తిరిగి నిజమైన ప్రేమతోనే, "నీకు కష్టమేలే. కానీ ఫలితం కనిపిస్తోంది కదా" అన్నాడు.

అతను తలుపు అవతల ఉండేది పది అడుగుల దూరంలో. ఆ పది అడుగుల సంగతి అతనికి రెండు నిమిషాల వీడియోలో తెలిసింది. మరి ఊళ్ళోవాళ్ళని అనుకుని ఏం లాభం, అనుకుంటూ ఆమె కుడి చేతి స్లీవు మణికట్టు దాకా లాక్కుంది.

గురువారం పొద్దున్నే పేర్లు వచ్చాయి. ఎనిమిది. ఆమె ఒకసారి పై నుంచి కిందికి, ఒకసారి కింది నుంచి పైకి చదివింది. పరీక్ష ఫలితాల్లో తన నంబరు కనపడని పిల్లలు అలా చదవడం చిన్నప్పుడు చూసింది. తను చదవడం ఇదే మొదలు.

టీచరుకి ఫోను చేసింది. అటు వెనకాల ఎవరిదో పసిపిల్ల ఏడుపు, గిన్నెల చప్పుడు. టీచరుకీ ఇల్లుంది.

"నేనే చేద్దామనుకున్నా మేడమ్. నిన్నటి వీడియో మా ఇంట్లో అందరం చూశాం. మీ ఇల్లే ఒక సెంటర్ అయిపోయింది."

"గువ్వ పేరు కనపడలేదు టీచర్."

"అవును మేడమ్. ఉన్నవి ఎనిమిదే కదా. ఇంట్లో అస్సలు కుదరని పిల్లలకి ముందు ఇచ్చాం. పక్షవాతం వచ్చిన తాతగారితో ఒక పాప ఉంది. తల్లి ఆసుపత్రిలో డ్యూటీ చేసేవాళ్ళు ఇద్దరున్నారు. మీకు ఇంకో మూడు నెలలు ఆగినా పర్లేదు. మీరుండగా గువ్వకేం లోటు?"

"అలా కాదు టీచర్..."

"చెప్పండి."

చెప్పడానికి నోరు తెరిచింది. ఎక్కడినుంచి మొదలుపెట్టాలి? గడియారం దగ్గర్నుంచా? గోడకు ఆనుకుని గువ్వ నుదుటితో గోడని మెల్లగా కొడుతోంది, లెక్క ప్రకారం, టక్, టక్, టక్. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. నుదురు వచ్చి అరచేతికి తగిలింది.

"ఏం లేదు."

"ఇంకొకటి మేడమ్. నాలుగింటికి తల్లిదండ్రుల మీటింగుంది కదా. మీ వీడియో అందులో చూపిస్తాను. మిగతా తల్లులకి కాస్త ధైర్యంగా ఉంటుంది. చూపించనా?"

"చూపించండి" అంది ఆమె. వద్దంటే ఎందుకని అడుగుతారు.

నాలుగింటికి ఫోను తెర మీద పదహారు చిన్న కిటికీలు. ఒక కిటికీలో ఇద్దరు పిల్లలు తల్లి మెడ పట్టుకుని వేలాడుతున్నారు. ఒక తండ్రి కారులో కూర్చుని ఉన్నాడు, ఇంట్లో చోటు లేక కాబోలు. కింది వరసలో కుట్టుమిషను ముందు దర్జీ పని చేసే తల్లి. సెంటర్ గేటు దగ్గర సాయంత్రాలు ఇద్దరూ పక్కపక్కన నిలబడేవాళ్ళు. ఆమె కూతురు గువ్వ కన్నా ఏడాది చిన్న.

వీడియో మొదలైంది. శబ్దం లేని గువ్వ, చక్కటి పాపిడితో, ఒక్కో గుండీ పెట్టుకుంటూ పోయింది. నాలుగు గుండీలూ అయ్యాక నవ్వింది. కిటికీల్లో మొహాలు ఆమె గమనించింది. ఎవరికీ ధైర్యం వస్తున్నట్టు లేదు. కారులో తండ్రి కళ్ళు దించుకున్నాడు. మెడకి వేలాడే పిల్లల తల్లి చప్పట్లు కొడదామని చేతులు ఎత్తబోతే పిల్లలు కొట్టనివ్వలేదు. దర్జీ తల్లి కిటికీ ఉన్నట్టుండి నల్లబడింది.

"గువ్వ వాళ్ళ అమ్మగారు ఒక రెండు మాటలు చెప్తారా?" అంది టీచరు.

"ఓపిగ్గా ఉంటే అదే వస్తుందండీ" అంది ఆమె. ఆ గొంతు తనదిలా లేదు. తలుపు వెనక నుంచి వచ్చే గొంతులా ఉంది.

ఆరింటికి దర్జీ తల్లి ఫోను చేసింది.

"అక్కా, పనిలో ఉన్నారా?"

"లేదు, చెప్పమ్మా."

"గుండీలు ఎలా నేర్పారో చెప్తారని. నవ్వొస్తుందక్కా నాకు. ఇరవై ఏళ్ళుగా గుండీలు కుడుతున్నా. నా పిల్ల ఒక్కటి పెట్టుకోదు. ఇప్పుడైతే మాస్కులే కుడుతున్నాలెండి, వాటికి గుండీలుండవు, అదొక్కటి నయం."

"మీ పాపది చొక్కానా, గౌనా?"

"చొక్కానే కుట్టాను. రూపాయి బిళ్ళంత గుండీలు వేశాను. కాజాలు రెండింతలు చేశాను. అందులోంచి నా బొటనవేలే దూరిపోతోంది. అయినా దానికి కుదరట్లేదు. మీ పాప ఎనిమిది సెకన్లలో పెట్టింది, లెక్కపెట్టాను. మొదట కుడి చేత్తో బట్ట పట్టుకోమని చెప్పారా, గుండీ పట్టుకోమని చెప్పారా?"

ఆమె కిటికీ చువ్వ పట్టుకుంది. "మీ పాప పేరు కూడా లేదు కదమ్మా ఎనిమిదిలో. నీకు కుదరట్లేదని టీచరుకి తెలియదా?"

"ఎలా తెలుస్తుంది? నేను వీడియోలు పంపడం మానేశానుగా. పోయిన నెల మీ పాప నీళ్ళు వంచుకున్నది గ్రూపులో పెట్టారు చూడండి, ఆ పక్కన నాది పంపాలంటే సిగ్గేసింది. నాది వరదలా ఉంది. పంపనివాళ్ళకి అవసరం లేదనుకున్నారట." కాసేపు మిషను చక్రం ఊరికే తిరిగిన చప్పుడు. "ఇవాళ కొట్టానక్కా."

"ఎవరిని?"

"మీటింగయ్యాక. బట్ట కొలిచే చెక్క స్కేలుతో. మోచేతి మీద రెండు. పదేళ్ళలో ఎప్పుడూ చెయ్యెత్తలేదు. అది ఏడవను కూడా లేదక్కా. నా చేతిలోంచి స్కేలు తీసుకుని వాసన చూసింది. మళ్ళీ నాకే ఇచ్చింది."

ఆ క్షణంలో చెప్పేస్తే సరిపోయేది. 

"పొయ్యి మీద పాలు పొంగుతున్నాయమ్మా. తర్వాత చేస్తాను" అని పెట్టేసింది.

పొయ్యి వెలిగించనే లేదు. అత్తగారు పొయ్యి వైపూ, కోడలి వైపూ చూసి, చేతిలో ఉన్న గుడ్డ మడత పెట్టింది. విప్పి మళ్ళీ మడత పెట్టింది.

"దర్జీ అమ్మాయేనా?"

"ఊ."

"ఏమంటుంది?"

ఆమె చెప్పింది. స్కేలు సంగతి కూడా మామూలుగానే చెప్పింది. అత్తగారు విని చాలాసేపు తన ఎడమ చెయ్యి చూసుకుంది, ఎక్కడైనా మురికి అంటిందేమో అన్నట్టు.

శుక్రవారం పదింటికి ఆమె పిండి డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. అత్తగారు పీట తెచ్చుకోబోతే ఆపింది.

"ఇవాళ మీరు సోఫాలో కూర్చోండి అత్తయ్యా."

"అయిపోయిందిగా వీడియో. మళ్ళీ ఏమిటి?"

"మళ్ళీ తీస్తున్నా."

"మరి చెయ్యెవరు పడతారు?"

"ఎవరూ పట్టరు."

అత్తగారు పీటని గోడ వారకి జరిపింది. సోఫాలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఫొటో తీయించుకునే మనిషిలా.

నీలిగళ్ళ చొక్కానే తొడిగింది. ఫోనులో ఎర్ర చుక్క వెలిగించి, పిల్ల పక్కన నేల మీద కూర్చుంది. తన మొహం కూడా పడుతోంది. పడనీ అనుకుంది.

మూడో నిమిషంలో గువ్వ గుండీ పట్టుకుంది. వేళ్ళ మధ్య తిప్పింది, బాగుంది దానికి. వదిలేసింది. "ఇక్కడ పెట్టమ్మా, ఈ కన్నంలో." గువ్వ కన్నంలోంచి బయటికి చూసింది. ఆరో నిమిషంలో ఎగరడం మొదలుపెట్టింది. కింది ఇంటాయన కర్రతో తన పైకప్పు మీద పొడిచాడు, మూడుసార్లు, ఎప్పటిలాగే. తొమ్మిదో నిమిషంలో చొక్కా తలమీంచి లాగి విసిరేసింది. మళ్ళీ తొడగబోతే "వద్దు, వద్దు, వద్దు" అంది. "సరే, వద్దు. ఒక్క చెయ్యి." "వద్దు." పద్నాలుగో నిమిషంలో తల్లి కుడి చేతి మీద కరిచింది. పాత గాట్ల పక్కనే కొత్తది. అత్తగారు సోఫాలోంచి సగం లేచి, కోడలు తల అడ్డంగా ఊపితే మళ్ళీ కూర్చుంది.

పదిహేడో నిమిషంలో గది తలుపు తెరుచుకుంది. భర్త మెడలో హెడ్‌ఫోన్లు, పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ. "కాస్త ఆపుతావా దాన్ని? అరవై మందికి వినపడుతోంది!" అని గొంతు అణచుకుని అరిచాడు. తలుపు పడింది. లోపల మెత్తటి గొంతు, "క్షమించండి, ఎక్కడున్నాం మనం? ఆ, సానుభూతి" అంటూ అందుకుంది.

గువ్వ కుర్చీ మీంచి జారి చల్లటి గచ్చు మీద చెంప ఆనించి పడుకుంది. తల్లి కాసేపు బతిమాలింది. తర్వాత ఏమనుకుందో తనూ దాని పక్కనే పడుకుంది, అదే వైపుకి తిరిగి. గచ్చు నిజంగానే చల్లగా ఉంది. రాత్రి తప్ప ఒళ్ళు వాల్చి ఎన్ని నెలలైందో. పిల్ల కూనిరాగం నేలలోంచి చెంపకి తగులుతోంది. బల్ల మీద ఫోను చూస్తున్నది ఖాళీ కుర్చీని, రెండు జతల పాదాలని.

ముప్పై ఎనిమిదో నిమిషంలో గువ్వ లేచింది. విసిరేసిన చొక్కా తీసుకుంది. తల్లి లేచి కూర్చుంది. గువ్వ తిన్నగా బాల్కనీలోకి వెళ్ళి చొక్కాని వాషింగ్ మెషీనులో పడేసి, "పద" అంది.

అత్తగారికి నవ్వు ఆగలేదు. "అయిదు రోజుల నుంచి ఉతకలేదు కదే మీ అమ్మ. నీకున్న శుభ్రం దానికి లేదు!"

నలభై ఒకటో నిమిషంలో ఆమె ఎర్ర చుక్క ఆర్పింది. మెషీను తిప్పింది.

బట్టలు తిరుగుతుండగా వీడియో మొత్తం చూసింది. గువ్వ మీద అరిచాననుకుంది ఆ పద్నాలుగో నిమిషంలో. వీడియోలో తన గొంతు మెల్లగానే ఉంది. "నొప్పిగా ఉందమ్మా, వదులు" అంటోంది, పక్కింటివాళ్ళతో మాట్లాడుతున్నట్టు. ఎంత వెతికినా కోసేయాల్సింది ఏదీ కనపడలేదు. రెండు నిమిషాలకు మించకూడదన్న నియమాన్ని మాత్రం ముప్పై తొమ్మిది నిమిషాలు దాటిపోయింది.

తల్లిదండ్రుల గ్రూపు తెరిచి కింద ఇలా రాసింది. 'నిన్న మీరు చూసింది నాలుగు రోజులు తీసి అతికించింది. గువ్వ మోచెయ్యి కింద మా అత్తగారి చెయ్యి ఉంది. గుండీ వెనక నా వేలు ఉంది. గువ్వకి గుండీలు రావు. ఇది ఇవాళ తీసింది, ఏమీ కోయలేదు.' ఇంకో వాక్యం రాసి కొట్టేసింది, అది జాలి అడుగుతున్నట్టు ఉందని. పంపే గుర్తు నొక్కింది. పెద్ద ఫైలు. చిన్న గుండ్రటి గీత మెల్లగా నిండటానికి గంట పట్టింది. ఈ గంటలో మూడుసార్లు రద్దు చేయొచ్చు అనుకుంది. మూడుసార్లూ కూర కలిపింది.

ఒకటిన్నరకి అందరూ భోజనానికి కూర్చున్నారు. భర్తకి రెండింటికి ఇంకో పాఠం ఉంది. గువ్వ తన కంచంలో బటానీలన్నీ ఒక వైపుకి, మిగతాదంతా ఇంకో వైపుకి చేస్తోంది. అరమారలో ఫోను గుర్రు గుర్రుమంటోంది. ఆగుతోంది, మళ్ళీ గుర్రుమంటోంది.

"ఎవరది? ఇందాకట్నుంచి" అన్నాడు భర్త.

"గ్రూపు. ఇవాళ గువ్వది ఇంకో వీడియో పెట్టాను."

"ఇంకోటా? నాకు పంపలేదే. మావాళ్ళు అడుగుతున్నారు, తర్వాత ఏం నేర్చుకుంది అని."

"ఏమీ నేర్చుకోలేదు. మొన్నటిది అబద్ధం వీడియో అండీ. కోసి అతికించాను. ఇది నలభై ఒక్క నిమిషాలు. మొత్తం ఉంది."

అతని చెయ్యి నోటి దాకా వెళ్ళి ఆగింది. అతను ముందు తల్లి వైపు చూశాడు, ఇది కోడలి వేళాకోళమేమో అని. తల్లి కంచంలోకి చూసుకుంటూ తింటోంది.

"అబద్ధమంటే?"

"గుండీలు పెట్టింది మీ అమ్మగారూ నేనూ. గడియారం తీసింది అందుకే."

"నేను అరవై మందికి..." అని ఆగాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"మీరు మూడుసార్లు చూసి కళ్ళు తుడుచుకున్నారు. ఎలా చెప్పను?"

 అతను గొంతు తగ్గించి అడిగాడు. "పొద్దున నేను బయటికొచ్చాను కదా. అదీ ఉందా?"

"ఉంది. పదిహేడో నిమిషంలో."

"లుంగీతోనా?"

"లుంగీ కనపడుతుంది. మాట కూడా వినపడుతుంది."

అతను ముద్ద కంచంలో పెట్టేశాడు. ఏ మాటో గుర్తు చేసుకుంటున్నాడని మొహం చూస్తే తెలుస్తోంది. గుర్తొచ్చినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి. "తీసెయ్యొచ్చుగా ఆ ముక్క" అన్నాడు. ఆమె కూర గిన్నె అందుకుంది. అతను మళ్ళీ అనలేదు.

"రేపు శనివారం, సెంటర్‌లో ఆఫీసు గది ఒక్కటీ పన్నెండు దాకా తెరిచి ఉంటుంది" అంది ఆమె, అతనికి కూర వడ్డిస్తూ. "పదింటికి నేను వెళ్తున్నాను. గువ్వకి సీటు అడగడానికి. దర్జీ ఆవిడ కూతురికి కూడా. నా వీడియోలు చూసే ఆవిడ పంపడం మానేసింది, అది నేనే చెప్పాలి. ఇస్తారో ఇవ్వరో తెలీదు. ఫోన్లో అయితే మళ్ళీ ఏం లేదు అనేస్తాను. అందుకని ఎదురుగా కూర్చుని అడుగుతాను."

"రేపు పదింటికి నాకు పైవాళ్ళతో మీటింగుంది."

"ఉండనివ్వండి. గువ్వ కూడా ఉంటుంది అందులో."

"అదెలా కుదురుతుంది? సరే, అమ్మ చూసుకుంటుందిలే ఆ రెండు గంటలు."

"నేనుండను" అంది అత్తగారు, నీళ్ళ గ్లాసు దించి. "నేను కోడలితో వెళ్తున్నా. ఆ చెయ్యి ఎవరిదని అడిగితే చూపించాలి కదా. ఇది ఒక్కతే వెళ్తే దోషమంతా ఇదే నెత్తిన వేసుకొస్తుంది, దీని సంగతి నాకు తెలీదా."

"ఈ వయసులో నువ్వు బయటికా? జబ్బు కాలం అమ్మా!"

"రెండు మాస్కులు పెట్టుకుంటా. ఆ దర్జీ అమ్మాయి దగ్గరే కొనుక్కుంటాలే."

ఈ మాట ఆమెకు కూడా ఇప్పుడే తెలిసింది. అత్తగారి వైపు చూసింది. అత్తగారు ఇంకో ముద్ద కలుపుకుంటోంది, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు.

రెండింటికి అయిదు నిమిషాలుంది. అతను లేవలేదు. గువ్వ వైపు చూస్తున్నాడు, కొత్తగా పనిలో చేరిన చోట పెద్ద యంత్రాన్ని చూసే మనిషిలా. గువ్వ అతన్ని పట్టించుకోకుండా ఒక్కో బటానీ నోట్లో వేసుకుంటోంది.

"కరిస్తే ఏం చెయ్యాలి?" అని అడిగాడు చివరికి.

ఆమె కూర గిన్నె దించి, స్లీవు మోచేతి దాకా పైకి మడిచి, చెయ్యి అతని ముందు బల్ల మీద పెట్టింది.

"చెయ్యి వెనక్కి లాక్కోకండి. లాక్కుంటే చర్మం చీరుతుంది, ఇదిగో, ఇలా. కొంచెం దాని నోటి వైపుకే నెట్టండి. తనే వదిలేస్తుంది."